కాగితపు నమూనాకు ఎంత బరువు కాగితం కావాలి?

కాగితాన్ని కత్తిరించి, మడిచి, అతికించి భవనాలు, రాకెట్లు, ఓడలు, జంతువుల బొమ్మలు చేసే పేపర్ క్రాఫ్ట్‌ను కొత్తగా మొదలుపెట్టేవారు అందరికన్నా ముందు అడిగే ప్రశ్న, ఎన్ని జీఎస్ఎం కాగితం వాడాలన్నది. దీనికి సాధారణంగా దొరికే జవాబు 160 నుంచి 200 వరకు అని. ఆ జవాబు తప్పు కాదు. మధ్యస్థమైన పరిమాణంలో ఉండి, పెట్టెల్లాంటి భాగాలే ఎక్కువగా ఉన్న నమూనాకు అది చక్కగా సరిపోతుంది. అయితే అదే 180 జీఎస్ఎం కాగితం ఒక నమూనాలో గోడలను నిటారుగా నిలబెట్టి, మరో నమూనాలో పెన్సిల్ మందం గొట్టాన్ని చుట్టబోతే విరిగి ముడతలు పడుతుంది. కాబట్టి ఒక్క అంకెతో తేలే ప్రశ్న కాదిది. నమూనాలోని అతి చిన్న భాగం కాగితం మందానికి పై హద్దు గీస్తుంది, అతి వెడల్పైన చదును ముఖం కింది హద్దు గీస్తుంది. ఆ రెండు హద్దుల మధ్య చోటు ఉంటే ఒకే కాగితం చాలు. చోటు లేకపోతే ఒకే నమూనాలో రెండు మూడు రకాల కాగితాలు వాడక తప్పదు. ఈ మాట ఎందుకు నిజమో అర్థం కావాలంటే ముందుగా జీఎస్ఎం దేనిని కొలుస్తుందో, దేనిని కొలవదో తెలియాలి.

జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం తూగే గ్రాములు. మనం రోజూ వాడే ఏ4 కాగితం ఏ0 అనే పెద్ద కాగితంలో పదహారో వంతు, ఆ ఏ0 వైశాల్యం సరిగ్గా ఒక చదరపు మీటరు. అందువల్ల లెక్క చాలా సులువు. 80 జీఎస్ఎం ఏ4 కాగితం ఒక్కొక్కటి 5 గ్రాములు, 160 జీఎస్ఎం అయితే 10 గ్రాములు, 200 అయితే 12.5 గ్రాములు తూగుతుంది. దుకాణంలో విడిగా కొన్న కాగితం మీద ఏ వివరమూ లేకపోతే పది ఏ4 కాగితాలను వంటింటి డిజిటల్ త్రాసు మీద పెట్టి, వచ్చిన గ్రాములను 1.6తో గుణిస్తే జీఎస్ఎం తెలిసిపోతుంది. పది కాగితాలు 100 గ్రాములు తూగితే అది 160 జీఎస్ఎం. విడి కాగితాల విషయంలో దుకాణదారు చెప్పిన అంకె కన్నా ఈ తూకాన్నే నేను నమ్ముతాను.

అయితే తూకం చెప్పేది బరువు ఒక్కటే, మందం కాదు. కాగితం తయారీలో తడి పొరను రోలర్ల మధ్య ఎంత గట్టిగా నొక్కితే అది అంత పలచనై, నున్నగా, సాంద్రంగా మారుతుంది. దానిపైన సుద్ద, చీనామట్టి వంటి ఖనిజాల పూత పూస్తే బరువు పెరుగుతుంది గానీ మందం ఆ మేరకు పెరగదు. కరపత్రాలు, క్యాలెండర్లు అచ్చువేసే మెరిసే ఆర్ట్ పేపరు ఇలాంటిదే. 170 జీఎస్ఎం మెరిసే ఆర్ట్ పేపరు మందం సుమారు 0.13 లేదా 0.14 మిల్లీమీటర్లు ఉంటే, పూత లేని 120 జీఎస్ఎం కాగితం దాదాపు 0.15 మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే బరువులో వెనకబడిన కాగితం మందంలో ముందుంటుంది. దీనికి రెండో కొసన ఉన్నవి మందుల డబ్బాలకు, సబ్బుల పెట్టెలకు వాడే ఫోల్డింగ్ బాక్స్ బోర్డులు. భద్రాచలం దగ్గర సారపాకలో ఉన్న ఐటీసీ మిల్లు తయారుచేసే వాటిలో ఈ తరహా ప్యాకేజింగ్ బోర్డులు ఉన్నాయి. వీటిలో పైనా కిందా గట్టి రసాయనిక గుజ్జు పొరలు, మధ్యలో బోలుగా ఉండే యాంత్రిక గుజ్జు పొర ఉంటాయి. ఆ నడిమి పొర బరువు పెంచకుండా మందాన్ని ఇస్తుంది కనుక 230 జీఎస్ఎం బోర్డు 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు కన్నా మందంగా, బిగువుగా ఉండడం మామూలే. కాబట్టి నమూనా చేసేవారికి బరువు కన్నా మందమే ఎక్కువ పనికొచ్చే కొలత. పది కాగితాలను కలిపి పట్టి స్క్రూగేజీతోనో, వెర్నియర్‌తోనో కొలిచి పదితో భాగిస్తే చాలినంత ఖచ్చితమైన విలువ వస్తుంది.

మన ఊళ్ల స్టేషనరీ దుకాణాల్లో జీఎస్ఎం అడిగితే చాలాసార్లు జవాబు ఉండదు, అక్కడ సరుకు పేర్లతోనే నడుస్తుంది. జెరాక్స్ పేపరు 70 నుంచి 80 జీఎస్ఎం, మందం 0.1 మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. బాండ్ పేపరు పేరుతో అమ్మేవి 85 నుంచి 100 వరకు ఉంటాయి. చార్టు అని అడిగితే ఇచ్చే రంగు కాగితంలో నాణ్యత ఒక్కో తయారీకి ఒక్కోలా ఉంటుంది, పీచు పొట్టిగా ఉన్న చౌక రకం మడత దగ్గర తేలిగ్గా చిట్లుతుంది. డ్రాయింగు కోసం అమ్మే కార్ట్రిడ్జ్ షీటు నమూనాలకు మంచి కాగితమే, కాకపోతే ఉపరితలం గరుకుగా ఉండడం వల్ల సన్నని అచ్చు గీతలు కాస్త చెదురుతాయి. ఐవరీ షీటు నున్నగా, బిగువుగా, నమూనాలకు అనుకూలంగా ఉంటుంది. నన్ను అడిగితే భవనాల నమూనాలకు మొదట ప్రయత్నించదగినది అదే. పుస్తకాల అట్టలకు వాడే గ్రే బోర్డు, మిల్ బోర్డు వంటివి మడవడానికి పనికిరావు, అవి లోపలి అస్థిపంజరానికీ పీఠానికీ పనికొస్తాయి.

విదేశాల నుంచి దింపుకొన్న నమూనా పటాల మీద ఉండే సూచనలు మరో చిక్కు తెస్తాయి. అమెరికాలో కాగితం బరువును పౌండ్లలో చెబుతారు, అది ఆ రకం కాగితానికి నిర్ణయించిన మూల పరిమాణంలో 500 షీట్ల బరువు. చిక్కంతా ఆ మూల పరిమాణం రకరకానికీ మారిపోవడంలో ఉంది. బాండ్‌కు 17 × 22 అంగుళాలు, కవర్‌కు 20 × 26, ఇండెక్స్‌కు 25.5 × 30.5. అందువల్ల 20 పౌండ్ల బాండ్ అంటే 75 జీఎస్ఎం, 65 పౌండ్ల కవర్ అంటే 176, 110 పౌండ్ల ఇండెక్స్ అంటే 199 జీఎస్ఎం. అదే 110 పౌండ్లు కవర్ రకం అయితే ఏకంగా 298. సూచనలో పౌండ్ల అంకె పక్కన రకం పేరు లేకపోతే ఆ అంకెకు అర్థమే లేదు. జపాన్‌లో మరో పద్ధతి వాడుకలో ఉంది. 788 × 1091 మిల్లీమీటర్ల షీట్లు వెయ్యింటి బరువును కిలోల్లో చెబుతారు, ఆ లెక్కన 110 కిలోలంటే 128 జీఎస్ఎం, 135 కిలోలంటే 157 జీఎస్ఎం. జపాన్ నమూనాలు చాలావరకు ఈ మధ్యస్థ మందానికే రూపకల్పన చేసినవిగా కనిపిస్తాయి. వాటిని 250 జీఎస్ఎం మీద అచ్చువేసి పని సాగడం లేదని విసుక్కుంటే ఆ తప్పు నమూనాది కాదు.

ఇక బిగువు సంగతి. కాగితం వంగకుండా నిలిచే శక్తి దాని మందానికి ఘనంగా పెరుగుతుంది. ఒకే రకం కాగితంలో మందం రెండింతలైతే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. 80 జీఎస్ఎం నుంచి 120కి మారితే బరువు ఒకటిన్నర రెట్లే పెరిగినా బిగువు మూడు రెట్లు దాటుతుంది. 160 నుంచి 200కి మారడం చిన్న తేడాలా తోస్తుంది గానీ బిగువు దాదాపు రెట్టింపు అవుతుంది. ఈ ఘన సంబంధం వల్లనే జీఎస్ఎంలో కొద్ది తేడా కూడా చేతికి వెంటనే తెలుస్తుంది. దీన్ని చూసి, గోడలు కుంగుతున్నాయంటే కాగితం బరువు పెంచితే చాలునని చాలామంది అనుకుంటారు. అది కొంత దూరం వరకే నిజం. మందం పెరిగినప్పుడు కాగితం సొంత బరువూ పెరుగుతుంది. పైగా ఆధారాల మధ్య దూరం రెండింతలైతే సొంత బరువుకు కుంగడం పదహారు రెట్లవుతుంది. లెక్క కట్టి చూస్తే, ముఖం పొడవు రెట్టింపైన చోట కుంగుబాటు మునుపటంతే ఉండాలంటే కాగితం మందం నాలుగింతలు కావాలి. 10 సెంటీమీటర్ల పైకప్పుకు 200 జీఎస్ఎం సరిపోయిందంటే, అదే రకం కాగితంతో 20 సెంటీమీటర్ల పైకప్పుకు 800 జీఎస్ఎం కావలసి వస్తుంది, అది ఇక కాగితం కాదు, అట్ట. అదే పైకప్పు కింద నడిమధ్యన ఒక అడ్డపట్టీ నిలబెడితే ఆధారాల మధ్య దూరం సగమై, కుంగుబాటు పదహారో వంతుకు పడిపోతుంది. పెద్ద చదును ముఖాలకు బరువైన కాగితం కన్నా లోపలి ఆధారం ఎన్నో రెట్లు మేలు. పోలండ్, జర్మనీ దేశాల్లో దశాబ్దాలుగా అచ్చవుతున్న ఓడలు, విమానాల కాగితపు నమూనాల్లో పైతొడుగు కాగితం మధ్యస్థంగా ఉండి, లోపల అర మిల్లీమీటరు లేదా ఒక మిల్లీమీటరు అట్టతో చేసిన పక్కటెముకలు ఉండడానికి కారణం ఇదే.

మందం పెంచితే వచ్చే నష్టాలు మడత దగ్గర మొదలవుతాయి. కాగితాన్ని మడిచినప్పుడు లోపలి వైపు నలుగుతుంది, వెలుపలి వైపు సాగుతుంది. మందం ఎంత ఎక్కువైతే వెలుపలి పొర అంత ఎక్కువ సాగాలి, సాగలేని పీచు తెగి, అచ్చు రంగు కింద తెల్లని గీత బయటపడుతుంది. 100 జీఎస్ఎం లోపు కాగితాన్ని స్కేలు అంచుకు ఆనించి గోటితో మడవవచ్చు. 160 దాటాక మడత గీత వెంట ముందుగా గీటు పెట్టడం తప్పనిసరి. సిరా అయిపోయిన బాల్ పెన్ను మొన ఇందుకు చక్కని పనిముట్టు. ప్రింటింగ్ ప్రెస్సుల్లో శుభలేఖలకు క్రీజింగ్ చేసేదీ ఇందుకోసమే. గీటు పీచును తెంపకుండా నొక్కి, మడత ఎక్కడ పడాలో ముందే నిర్ణయిస్తుంది. కొందరు గీటుకు బదులు కట్టర్‌తో సగం మందం కోస్తారు. 250 జీఎస్ఎం పైబడ్డ బోర్డుకు అది అవసరమే కావచ్చు గానీ, అంతకన్నా పలచని కాగితంలో అది మడతను బలహీనపరుస్తుంది, పదేపదే తాకే నమూనాలో ఆ అంచు మొదట విడిపోతుంది. అతికించడానికి అంచున వదిలే చిన్న పట్టీల, అంటే ట్యాబుల, దగ్గర మరో ఇబ్బంది ఉంది. ట్యాబు ఉన్న చోట కాగితం రెండు పొరలవుతుంది కాబట్టి 0.3 మిల్లీమీటర్ల కాగితంలో ఆ అతుకు బయటికి మెట్టులా కనిపిస్తుంది. 3 మిల్లీమీటర్ల కన్నా సన్నని ట్యాబు మందపాటి కాగితంలో మడవగానే తిరిగి లేస్తుంది, జిగురు ఆరేదాకా పట్టుకుని కూర్చోవలసి వస్తుంది.

గుండ్రని భాగాల్లో మందం ప్రభావం లెక్కకే దొరుకుతుంది. దీనికి ఒక నిజమైన ఉదాహరణ తీసుకుందాం. శ్రీహరికోట నుంచి ఎగిరే పీఎస్ఎల్‌వీ సుమారు 44 మీటర్ల ఎత్తు, మొదటి దశ వ్యాసం 2.8 మీటర్లు, ఉపగ్రహాన్ని కప్పి ఉంచే ఉష్ణ కవచం వ్యాసం 3.2 మీటర్లు. ఎక్స్ఎల్ రకంలో మొదటి దశ చుట్టూ మీటరు వ్యాసమున్న స్ట్రాపాన్ మోటార్లు, అంటే పక్కన తగిలించే చిన్న రాకెట్లు, ఆరు ఉంటాయి. 2008లో చంద్రయాన్-1, 2013లో మంగళ్‌యాన్ వెళ్లింది ఈ రకం మీదనే. 1:100 కొలతలో దీని నమూనా 44 సెంటీమీటర్ల ఎత్తు, మొదటి దశ గొట్టం 28 మిల్లీమీటర్ల వ్యాసం, స్ట్రాపాన్లు ఒక్కొక్కటి 10 మిల్లీమీటర్ల వ్యాసం అవుతాయి. గొట్టం చుట్టడానికి కావలసిన పట్టీ వెడల్పు మొదటి దశకు సుమారు 88 మిల్లీమీటర్లు, స్ట్రాపాన్‌కు 31.4 మిల్లీమీటర్లు, అతుకు పట్టీ అదనం.

ఇప్పుడు 31.4 మిల్లీమీటర్ల పట్టీని అంచుకు అంచు ఆనించి గొట్టంగా చుడితే, 10 మిల్లీమీటర్ల వ్యాసం వచ్చేది కాగితం మందంలోని మధ్య పొరకు. 0.2 మిల్లీమీటర్ల కాగితమైతే గొట్టం లోపలి వ్యాసం 9.8, వెలుపలి వ్యాసం 10.2. అడుగున మూతగా పెట్టవలసిన 10 మిల్లీమీటర్ల బిళ్ల లోపలికి దిగదు, దాని అంచు చుట్టూ కాస్త అరగదీయాలి. 0.4 మిల్లీమీటర్ల బోర్డు వాడితే లోపలి వ్యాసం 9.6కి తగ్గుతుంది, పైగా అంత చిన్న వంపుకు బోర్డు లోపలి పొర నలిగి గొట్టం పలకలు పలకలుగా తయారవుతుంది. గొట్టం వ్యాసం కాగితం మందానికి కనీసం 50 రెట్లు ఉంటే చుట్టడం హాయిగా సాగుతుందన్నది నేను పాటించే లెక్క. అంతకన్నా తగ్గితే కాగితాన్ని ముందుగా పెన్సిల్ చుట్టూ పలుమార్లు దొర్లించి లొంగదీయాలి, మందానికి ఇరవై రెట్ల లోపుకు దిగితే ఆ ప్రయత్నం మానుకోవడం మంచిది. ఈ లెక్కన 10 మిల్లీమీటర్ల స్ట్రాపాన్‌కు 0.2 మిల్లీమీటర్లు, అంటే 160 జీఎస్ఎం గరిష్ఠం, 120 ఇంకా సుఖం. 28 మిల్లీమీటర్ల మొదటి దశకు 0.2 మిల్లీమీటర్ల కాగితం ఏ ఇబ్బందీ పెట్టదు, 200 జీఎస్ఎం కూడా నడుస్తుంది. కానీ గొట్టం అన్నది స్వతహాగా బలమైన ఆకారం. వంపు వల్లనే దానికి బిగువు వస్తుంది కనుక బరువైన కాగితం అవసరం అక్కడ లేదు. మొదటి దశకు కావలసింది లోపల రెండు మూడు చోట్ల అడ్డుగా అతికించిన అట్ట బిళ్లలు. అవి గొట్టాన్ని గుండ్రంగా పట్టి ఉంచుతాయి, పై దశను మోస్తాయి. స్ట్రాపాన్ల మొనలు, ఉష్ణ కవచం పైభాగంలోని శంకువులు మాత్రం 100 జీఎస్ఎం దగ్గర ఉంటే మొన సూదిగా వస్తుంది. ప్రయోగ వేదిక పీఠానికి 1 మిల్లీమీటరు గ్రే బోర్డు కావాలి, లేకపోతే 44 సెంటీమీటర్ల రాకెట్టు చిన్న గాలికే ఒరుగుతుంది. ఒక్క నమూనాలో మూడు రకాల కాగితమూ ఒక అట్టా వచ్చి చేరడం ఇందువల్లనే.

చదును ముఖాల వైపు నుంచి చూస్తే చార్మినార్ మంచి ఉదాహరణ. ఒక్కో వైపు సుమారు 20 మీటర్లున్న ఆ చతురస్రపు కట్టడం 1:100 కొలతలో 20 సెంటీమీటర్ల గోడగా మారుతుంది. ఆ గోడ మధ్యలో పెద్ద కమాను ఖాళీగా కోయాలి కాబట్టి మిగిలేది పక్కల రెండు సన్నని స్తంభాలు, పైన ఒక అడ్డపట్టీ. 160 జీఎస్ఎం ఒకే పొరతో ఆ కమాను అంచులు కొద్ది రోజుల్లోనే లోపలికి ముడుచుకుంటాయి. మినార్ల చుట్టూ ఉండే వసారాల పిట్టగోడలు, సన్నని నగిషీలు మాత్రం మిల్లీమీటర్ల లెక్కలో ఉంటాయి, వాటిని 200 జీఎస్ఎంలో కోయడం చేతికీ కట్టర్‌కూ శిక్ష. ఇక్కడ నా సలహా స్పష్టం. అచ్చు పటం మొత్తాన్నీ 120 నుంచి 140 జీఎస్ఎం కాగితం మీద వేసుకుని, నగిషీలను దానితోనే కోసి, గోడల వెనుక మాత్రం 1 మిల్లీమీటరు అట్ట అతికించాలి. కమాను లోపలి మందం అప్పుడు నిజంగా కనిపిస్తుంది కూడా. అలా అట్ట అతికించే ముందు ఒక విషయం చూసుకోవాలి. అట్ట మందం మూలల దగ్గర కలిసే తీరును పటం గీసినవారు లెక్కలోకి తీసుకోకపోయి ఉంటే, ఎదురెదురు గోడలు రెండింటి అట్టను ఇరువైపులా ఒక్కో మిల్లీమీటరు తగ్గించి కోయాలి.

పొరలు అతికించి మందం పెంచే ఈ పద్ధతికి బలమైన కారణం ఉంది. రెండు పలచని కాగితాలను ఊరికే ఒకదానిపై ఒకటి పెడితే బిగువు రెండింతలే, పూర్తిగా అతికిస్తే అది ఒకే మందపాటి కాగితమై ఎనిమిది రెట్లవుతుంది. అందుకే జిగురు మూలల్లోనే కాక అంతటా సమంగా పట్టాలి. కానీ ఫెవికాల్ వంటి నీటి జిగురును విస్తారంగా పూస్తే కాగితం తడిసి వ్యాకోచించి, ఆరేటప్పుడు సంకోచించి అట్టను విల్లులా లాగుతుంది. పెద్ద ముఖాలకు స్ప్రే జిగురో, రెండువైపులా అంటుకునే పలచని షీటో వాడడం, లేదా అట్టకు వెనుక వైపున కూడా అదే బరువు కాగితాన్ని అతికించి లాగుడును సరితూచడం దీనికి మందు. పైన ఒక పెద్ద పుస్తకం, దానిపై బరువు పెట్టి రాత్రంతా ఉంచడం ఏ పద్ధతిలోనైనా అవసరమే.

బరువు, మందం రెండూ సరిగ్గా ఎంచుకున్నాక కూడా పని చెడగొట్టగలిగేది పీచు దిశ, ప్రెస్సుల్లో గ్రెయిన్ అంటారు. మిల్లులో తడి గుజ్జు వేగంగా కదిలే జాలీ మీద పడినప్పుడు పీచులో ఎక్కువ భాగం యంత్రం నడిచే దిశలోనే పేరుకుంటుంది. వెదురు బద్ద నిలువునా సులువుగా చీలి, అడ్డంగా విరగడానికి మొరాయించినట్టే కాగితం కూడా ఆ దిశ వెంట తేలిగ్గా చిరుగుతుంది, దానికి అడ్డంగా వంచబోతే ఎదురు తిరుగుతుంది. రెండు దిశల మధ్య బిగువు తేడా చాలా కాగితాల్లో రెండు రెట్ల దాకా ఉంటుంది. అంటే 160 జీఎస్ఎం కాగితాన్ని తప్పు దిశలో చుట్టడమంటే 200 జీఎస్ఎం కాగితాన్ని సరైన దిశలో చుట్టినంత కష్టం. గొట్టం పొడవు, ముఖ్యమైన మడతలు పీచు దిశ వెంట ఉండాలి. విడిగా అమ్మే ఏ4 కాగితాల్లో పీచు సాధారణంగా పొడవు వైపే నడుస్తుంది కాబట్టి రాకెట్టు గొట్టాలను కాగితం పొడవునా అమర్చిన పటం మంచి పటం. పెద్ద చార్టునో, ఐవరీ షీటునో కొని ఏ4 ముక్కలుగా కోయించుకున్నప్పుడు మాత్రం దిశ ఎటైనా ఉండవచ్చు. తెలుసుకోవడానికి చిన్న ముక్కను ఒకవైపు తడిపితే చాలు, అది చుట్టుకునే అక్షమే పీచు దిశ. కోయించకముందే పెద్ద షీటు వెనుక పెన్సిల్‌తో బాణం గుర్తులు వేసుకుంటే ఈ పరీక్ష ప్రతి ముక్కకూ చేయనక్కర్లేదు. పదేపదే తెరిచి మూసే మూతల విషయంలో మాత్రం ఈ నియమం తలకిందులవుతుంది. పీచుకు అడ్డంగా పడ్డ మడత వెంట పీచు ఇరుపక్కలకూ వంతెనలా సాగి ఉంటుంది కనుక అది ఎక్కువ కాలం మన్నుతుంది.

గాలిలో తేమ పెరిగినప్పుడు కాగితం పీచుకు అడ్డంగానే ఎక్కువ వ్యాకోచిస్తుంది. విశాఖ, కాకినాడ వంటి తీర ప్రాంతాల్లో వానాకాలపు గాలికి విప్పి ఉంచిన కాగితం మెత్తబడి బిగువు కోల్పోతుంది, ప్రింటరులో చిక్కుకుంటుంది, కత్తిరింపు అంచు నూలుపోగులా రేగుతుంది. కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో మూసి ఉంచి అవసరమైన షీట్లనే బయటికి తీయడం మంచిది. పూర్తయిన నమూనా మీద పలచగా వార్నిష్ స్ప్రే చేయడం కూడా తీరప్రాంతంలో సౌందర్యం కోసం కాక మన్నిక కోసం చేయవలసిన పని.

ఇంత ఆలోచించి ఎంచుకున్న కాగితాన్ని మన ప్రింటరు తీసుకుంటుందా అన్నది ఆఖరున కాక మొదటే తేల్చుకోవాలి. చిన్న లేజర్ ప్రింటర్లలో చాలావాటికి మామూలు ట్రే పరిమితి 163 జీఎస్ఎం దగ్గర ఉంటుంది. కాగితం లోపల మలుపు తిరిగే మోడళ్లు అంతకన్నా మందమైన దాన్ని పట్టుకోలేవు, వెనుక నుంచి నేరుగా పెట్టే దారి ఉన్నవి కొంత ఎక్కువ తీసుకుంటాయి. లేజర్ ప్రింటరు టోనర్ పొడిని వేడితో కరిగించి పైన అతికిస్తుంది, అది పీచులోకి ఇంకదు కాబట్టి మడత దగ్గర పొరలా రాలుతుంది. మడతలు ఎక్కువున్న నమూనాకు ఇంక్‌జెట్టే మేలు. ఇంక్‌జెట్ సిరా పీచులోకి ఇంకుతుంది, అయితే నీటిలో కరిగే రంగుతో చేసిన (డై) సిరా తడి జిగురు తగిలితే అలుముకుంటుంది. కత్తిరించే ముందు మ్యాట్ వార్నిష్ పట్టించడమో, తక్కువ నీరున్న జిగురు వాడడమో చేయాలి. మెరిసే ఆర్ట్ కార్డు ఇంక్‌జెట్‌కు పనికిరాదు, సిరా ఇంకే చోటు లేక పైనే తడిగా ఉండిపోతుంది. దాని మీద అచ్చు కావాలంటే ఫ్లెక్స్, విజిటింగ్ కార్డులు వేసే డిజిటల్ ప్రింటింగ్ దుకాణాలకు వెళ్లాలి, అక్కడి యంత్రాలు 300 జీఎస్ఎం దాకా తీసుకుంటాయి. కానీ పూత ఉన్న కార్డు మీద ఫెవికాల్ సరిగ్గా పట్టదు. ట్యాబుల మీది పూతను ఎమరీ కాగితంతో గీకి అతికించాలి. ఇన్ని తంటాల దృష్ట్యా పూత లేని కాగితమే నమూనాలకు తగినదని నా దృఢమైన అభిప్రాయం.

ఒకరు ఒక కొలతకు గీసిన పటాన్ని మనం పెంచినా, కుదించినా ఈ లెక్కలన్నీ మళ్లీ మొదటికి వస్తాయి. పీఎస్ఎల్‌వీ పటాన్ని 1:200కి కుదిస్తే స్ట్రాపాన్ వ్యాసం 5 మిల్లీమీటర్లే. దానికి 0.1 మిల్లీమీటరు, అంటే 80 జీఎస్ఎం జెరాక్స్ పేపరే సరైన కాగితం, ట్యాబులు సగమైపోతాయి కాబట్టి వాటిని తీసేసి లోపలివైపు విడి పట్టీతో అంచుకు అంచు ఆనించి అతికించాలి. మొదటి దశకు 100 చాలు. చదును భాగాలు లేని రాకెట్టుకు కుదింపు మేలే చేస్తుంది. ఎందుకంటే ఆకారమే బలం ఇచ్చే చోట కాగితం ఎంత పలచనైతే పని అంత శుభ్రంగా వస్తుంది. చార్మినార్‌ను రెట్టింపు చేసి 40 సెంటీమీటర్ల గోడలు పెట్టాలనుకుంటే మాత్రం కాగితం బరువు గురించి ఆలోచించడం అక్కడితో ఆపి, లోపల అడ్డగోడలు ఎన్ని, ఎంత దూరంలో రావాలో గీసుకోవడం మొదలుపెట్టాలి. పైతొడుగుకు అప్పుడు కూడా ఆ 140 జీఎస్ఎం కాగితమే సరిపోతుంది.